కొత్త తాబేలు అని తేల్చాలంటే ఏది మేలు, డిప్పా డీఎన్ఏనా?

మొన్న వానలకి సర్వేపల్లి కాలువ పక్కన పొలం గట్టు మీద తాబేలు దొరికిందని మా బాబాయి కొడుకు వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు, కింద "అన్నా ఇది కొత్త జాతి మాదిరుంది, నెట్‌లో యాడా లేదు, డీఎన్ఏ టెస్ట్ చేపిద్దామా" అని రాశాడు. నేను జువాలజీ చదివినోణ్ణి కాబట్టి మా ఇంట్లో పాము కనిపించినా తేలు కనిపించినా ఫొటో నాకే వస్తుంది. అది కొత్తది కాదని రెండు నిమిషాల్లో తేలిపోయింది గానీ వాడు అడిగింది మాత్రం మంచి ప్రశ్న, అప్పట్నించి దాని మీదే ఆలోచిస్తా ఉన్నా.

ముందు ఒళ్ళు చూసి చెప్పడం సంగతి. వీడియో కాల్ చేసి "ఒకసారి మెల్లిగా ఎత్తి వెనక కాళ్ళు చూపించరా" అన్నా. అది కాళ్ళు లోపలికి లాక్కుంది, లాక్కోంగానే పొట్ట వైపున్న రెండు తోలు మూతలు పైకొచ్చి తలుపులు వేసినట్టు మూసుకున్నాయి. ముక్కు చిన్న గొట్టం, ఒక్కో కాలికి మూడు గోళ్ళు, డిప్ప మీద పలకలనేవే లేవు, తడిసిన తోలు మాదిరి నున్నగా ఉంది. ఇంకేం కావాలి, అది లిస్సెమిస్ పంక్టాటా, మన చెరువుల్లో కాలవల్లో ఎప్పట్నించో ఉండే మెత్త డిప్ప తాబేలు. దాని కుటుంబం పేరు ట్రయోనికిడే, ఆ పేరులోనే మూడు గోళ్ళు అనే అర్థం ఉంది. గంగ వైపు ఉండే ఉపజాతికి వీపు మీద పసుపు చుక్కలుంటాయి, మన దక్షిణాది దానికి మామూలుగా ఉండవు, వాడు నెట్‌లో చూసిన ఫొటోలన్నీ ఆ చుక్కలవి కాబట్టి తన చేతిలో ఉండేది కొత్తదనుకున్నాడు పాపం. పైసా ఖర్చు కాలేదు, ఆ జీవానికి సూది పోటు కూడా లేదు.

గట్టి డిప్ప ఉండే వాటిలో అయితే చూసే కొద్దీ చూడబుద్ధేస్తుంది. పోయిన ఎండాకాలం ఎండిపోయిన చెరువులో నల్ల తాబేలుది ఖాళీ డిప్ప కనపడింది, వీపు మీద పొడుగ్గా మూడు గట్లు, మధ్య వరసలో ఐదు పలకలు, అటు నాలుగు ఇటు నాలుగు, అంచు చుట్టూతా చిన్న చిన్నవి. ఒక పలక ఎండకి లేచిపోయి కింద ఎముక బయటపడింది, ఎముకల అతుకులు రంపం పళ్ళ మాదిరి ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి. పైన పలకల గీతలు ఒక చోట, కింద ఎముకల అతుకులు ఇంకో చోట, ఇటుక గోడ కట్టేటప్పుడు మేస్త్రీ అతుకు మీద అతుకు రాకుండా చూసుకుంటాడే, అట్టా. లోపలికి చెయ్యి పెట్టి తడిమితే వెన్నెముకా పక్కటెముకలూ డిప్పలోనే కలిసిపోయి తగిలాయి. ఏ ఎముక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, పొట్ట పలకల్లో ఏది పొడుగు ఏది పొట్టి, మెడ నిలువుగా వెనక్కి లాక్కుంటుందా పక్కకి మడుచుకుంటుందా, వర్గీకరణ చాలావరకు వీటి మీదే నిలబడింది. మన దేశంలో ఉండేవన్నీ వెనక్కి లాక్కునే రకమే, పక్కకి మడుచుకునేవి ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఉంటాయి.

కానీ ఒట్టి కంటిని నమ్ముకుంటే మోసపోయే చోట్లున్నాయి. 1991లో మారెమిస్ ఐవర్సోనై అని చైనా నుంచి ఒక కొత్త జాతి ప్రకటించారు, డిప్పా తలా రంగూ అన్నీ కొలిచి చక్కగానే రాశారు. 2001లో డీఎన్ఏ చూస్తే అది జాతే కాదు, రెండు వేరే వేరే జాతుల తాబేళ్ళు కలిస్తే పుట్టిన సంకరం అని తేలింది. మాటామాటా తాబేలుది దీనికి ఉల్టా కథ, ఎండాకులు కప్పుకున్నట్టుండే ఆ దక్షిణ అమెరికా తాబేలుకి 1783లో పేరు పెడితే చాలా కాలం అంతా ఒకటే జాతి అనుకున్నారు, 2020లో డీఎన్ఏ చూసి అమెజాన్ నదిది వేరు, ఒరినోకో నదిది వేరు, రెండూ విడిపోయి కోటి ఏళ్ళు దాటిందని తేల్చారు. అట్టాగే ఎవరైనా చెరువు దగ్గర కోసేసి తీసకపోతా దొరికితే, ఆ మాంసం ముక్క ఏ జాతిదో చెప్పాలంటే డిప్ప లేదు గోళ్ళు లేవు, అక్కడ డీఎన్ఏ ఒక్కటే దిక్కు.

అయితే డీఎన్ఏదే పైచేయి అనను. కణంలో శక్తి తయారయ్యే చోటుండే మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచి మాత్రమే వస్తుంది, అదొక్కటే చూస్తే సంకరం పిల్ల కూడా అచ్చం తల్లి జాతి మాదిరే కనపడుతుంది, కణం మధ్య కేంద్రకంలో ఉండే డీఎన్ఏ కూడా చూస్తేనే తండ్రి ఎవరో బయటపడేది. రాయిగా మారిన పాత తాబేళ్ళలో అసలు డీఎన్ఏ మిగలదు, వాటికి ఎముకే ఆధారం. పైగా మెత్త డిప్ప తాబేలు 1972 వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్‌లో ఉంది, ఎవరు పడితే వాళ్ళు పట్టుకుని రక్తం తియ్యడానికి లేదు, అనుమతి కావాలి, ఆ తర్వాత ల్యాబు కావాలి. ఇది మా వాడికి చెప్తే వెంటనే దాన్ని కింద పెట్టేశాడు.

నన్ను అడిగితే మొదట డిప్ప, తేడా ఉందని నిజంగా అనుమానం వస్తేనే డీఎన్ఏ. కాకపోతే ఈ రెండిటికన్నా ముందు ఒకటుంది, మనోళ్ళు ఎవరూ పట్టించుకోనిది, దొరికిన చోటు. ఐవర్సోనై విషయంలో దెబ్బ కొట్టింది అదే, ఆ తాబేళ్ళు నదిలో పట్టినవి కాదు, వ్యాపారుల చేతుల మీదుగా వచ్చినవి. ఆస్ట్రేలియాలో మేరీ నది తాబేలు పిల్లల్ని 1960, 70ల్లో పెట్ షాపుల్లో అమ్ముతా ఉండేవాళ్ళు, అది వేరే రకమని చూసినోళ్ళకి అర్థమైంది, ఏ నదిదో మాత్రం తెలీలా, జాన్ కాన్ అనే ఆయన ఏళ్ళ తరబడి నదులెంబడి తిరిగాడు. నది దొరికాక 1994లో పేరు పెట్టారు, ఒంటి తీరు అంత వేరుగా ఉందని కొత్త ప్రజాతినే, అంటే జాతి కన్నా పై మెట్టునే, కట్టారు. మాటామాటాని రెండుగా విడదీసినప్పుడు కూడా ఏ తాబేలు ఏ నదిదో తెలియబట్టే ఆ డీఎన్ఏకి అర్థం వచ్చింది.

మా వాడు పెట్టిన ఫొటోలో తాబేలు వీపొక్కటే ఉంది, వెనక సిమెంటు నేల, ఆ ఫొటోతో ఎవరూ ఏమీ చెప్పలేరు. అందుకే దాన్ని దొరికిన చోటే వదలమని చెప్పి, వదిలే ముందు వీపుది ఒకటి, పొట్టది ఒకటి, తలది ఒకటి, దాని పక్కనే కాలువ కనపడేటట్టు ఇంకొకటి తియ్యమన్నా. ఈసారి ఫొటోల కింద వాడు ఏ తూము దగ్గర, ఎన్ని గంటలకి అని రాసి పంపించాడు.