మ్యాట్రిక్స్ రెవల్యూషన్స్: సీడీ షాపు కౌంటర్ వెనక నుంచి

గుంటూరు బ్రాడీపేటలో నాకు 2001 నుంచి 2009 దాకా సీడీలు అద్దెకిచ్చే షాపు ఉండేది. తెలుగు సినిమా అయితే రోజుకు పది రూపాయలు, ఇంగ్లిష్ అయితే పదిహేను. ఇప్పుడు అదే గదిలో రెండు జిరాక్స్ మిషన్లు పెట్టుకుని బతుకుతున్నాను. ఆ రోజుల్లో సినిమా ఎలా ఉందో తెలియడానికి నాకు పేపర్లో రివ్యూ అక్కర్లేదు. తిరిగొచ్చిన సీడీని ట్యూబ్‌లైటు కింద కాస్త వంచి చూస్తే చాలు. జనం మళ్లీ మళ్లీ వేసుకున్న సీడీ వెనకంతా గీతలే.

మ్యాట్రిక్స్ మొదటి భాగం సీడీలు అరిగిపోయి మూడుసార్లు కొత్తవి కొన్నాను. రెండోది, రీలోడెడ్, ఒకసారి మార్చాను. హైవే మీద ఛేజింగ్ కోసమే దాన్ని పట్టుకెళ్లేవాళ్లు. మూడోది, రెవల్యూషన్స్, షాపు మూసేసిన రోజున కూడా అద్దంలా మెరుస్తోంది. తీసుకెళ్లినవాళ్లు లేక కాదు, బాగానే వెళ్లింది. రెండోసారి అడిగినవాళ్లే లేరు.

మొన్నొక శనివారం మా అబ్బాయి, బీటెక్ మూడో సంవత్సరం, ఏఐ గురించి ఏదో వాదిస్తూ "నాన్నా, నీ షాపులో మ్యాట్రిక్స్ ఉండేదన్నావుగా, చూద్దాం" అన్నాడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బ్లూరే సెట్ ఇంట్లో ఉంది. మూడు భాగాలూ రెండు రోజుల్లో చూసేశాం. ఇరవై ఏళ్ల కిందట కౌంటర్ దగ్గర విన్న తిట్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కొన్ని ఇప్పటికీ న్యాయమైనవే. కొన్నింటికి మాత్రం ఇప్పుడైతే నేను ఎదురు చెప్పేవాణ్ని.

ముందు తెలియనివాళ్ల కోసం కాస్త. యంత్రాలు మనుషుల్ని తొట్టెల్లో నిద్రపుచ్చి, వాళ్ల బుర్రల్లోకి ఎక్కించే అబద్ధపు కంప్యూటర్ లోకమే మ్యాట్రిక్స్. అందులోంచి బయటపడి యంత్రాలతో పోరాడే హీరో నియో. మొదటి మ్యాట్రిక్స్ 1999లో వచ్చింది. రెండు, మూడు భాగాలను ఒకేసారి తీసి, 2003లోనే ఆరు నెలల తేడాతో, రెండోది మేలో, మూడోది నవంబరులో వదిలారు. మూడోదాన్ని ప్రపంచంలోని పెద్ద నగరాల్లో ఒకే సమయానికి మొదలయ్యేలా వేశారు. న్యూయార్క్‌లో ఉదయం 9 అయితే, లండన్‌లో మధ్యాహ్నం 2, టోక్యోలో రాత్రి 11. అంత హడావుడి చేసినా, రీలోడెడ్‌కు 70 కోట్ల డాలర్లు దాటిన వసూళ్లు, రెవల్యూషన్స్‌కు వచ్చేసరికి 42 కోట్ల దగ్గరే ఆగిపోయాయి. నా షాపు లెక్క, వాళ్ల లెక్క ఒకటే చెప్పాయన్నమాట.

నా దగ్గరికి ఒరిజినల్ వీసీడీ వచ్చేసరికి 2004 వచ్చింది. రెండు డిస్కులు. మొదటి వారంలోనే వచ్చిన ఫిర్యాదు సినిమా గురించి కాదు, రంగు గురించి. "అన్నా, నీ సీడీ పాడైంది, బొమ్మంతా పచ్చగా వస్తోంది" అని ఒకాయన, "మా టీవీ పిక్చర్ ట్యూబ్ పోయిందేమో అని మెకానిక్‌ను పిలిచాం" అని ఇంకొకాయన. మ్యాట్రిక్స్ లోపల జరిగే సీన్లకు ఆకుపచ్చ ఛాయ, బయటి లోకానికి నీలం ఛాయ వేశారని నాకూ అప్పటికి తెలీదు. తెలిశాక కౌంటర్ మీద అట్టముక్క మీద రాసి పెట్టాను: పచ్చగా ఉండటం సినిమాలోనే ఉంది, సీడీది తప్పు కాదు.

ఇక అసలు తిట్లు. హీరో ఎక్కడ? ఇది అందరికంటే గట్టిగా అరిచింది ఇంజినీరింగ్ పిల్లలు. రీలోడెడ్ చివర్లో నియో కోమాలో పడిపోతాడు. మూడోది మొదలయ్యేసరికి ఒక తెల్లటి రైల్వే ప్లాట్‌ఫామ్ మీద ఇరుక్కుపోయి ఉంటాడు. అక్కణ్నుంచి బయటపడి కాసేపు మాట్లాడి, తన ప్రియురాలు ట్రినిటీతో కలిసి గాల్లో ఎగిరే ఓడ తీసుకుని యంత్రాల నగరానికి వెళ్లిపోతాడు. ఇక్కడ భూగర్భంలో, బయటపడ్డ మనుషులుండే జయాన్ నగరం మీదికి యంత్రాలు దాడి చేస్తాయి. ఆ యుద్ధంలో నియో లేడు. మార్ఫియస్ ఉన్నాడంటే ఉన్నాడు, నయోబీ ఓడ నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. మొదటి భాగంలో గురువులా మాట్లాడిన మనిషి ఇతనేనా అనిపిస్తుంది. "పేరున్నవాళ్లంతా బయటికెళ్లారు, ఎవడో తెలీనివాళ్లు కొట్టుకుంటున్నారు. ఇదేందన్నా?" అన్నాడొకడు. న్యాయమైన తిట్టే. ఈసారి చూసినప్పుడు కూడా అక్కడ మా అబ్బాయి ఫోన్ తీశాడు.

ఆ యుద్ధం పని చెడ్డదని మాత్రం అనను. మనిషి ఇనుప బొమ్మలో నిలబడి, రెండు చేతులకూ తుపాకులు కట్టుకుని పైకి కాలుస్తుంటాడు. యంత్రాలు ఆక్టోపస్‌ల్లా ఒకదానిమీద ఒకటి పడి పాములా మెలికలు తిరుగుతూ వస్తుంటాయి. కెప్టెన్ తుపాకీలో తూటాలు అయిపోతే, పద్దెనిమిదేళ్లు కూడా నిండని కుర్రాడొకడు తూటాల పెట్టెను బండి మీద తోసుకుంటూ వస్తాడు. పెట్టె సరిగ్గా కూర్చోదు. వాడు దాన్ని కొడుతుంటాడు, పైన కెప్టెన్ రక్తం కారుతూ అరుస్తుంటాడు. బాగా తీసిన సీనే. కానీ ఆ కుర్రాడెవరు, నియో అంటే వాడికి ప్రాణమెందుకు? ఆ కథ ఇందులో లేదు. ఆనిమ్యాట్రిక్స్ అని విడిగా చేసిన బొమ్మల సినిమాల్లో ఉంది. మరికొంత కథ ఎంటర్ ద మ్యాట్రిక్స్ అనే కంప్యూటర్ గేములో పెట్టారు. గుంటూరులో పదిహేను రూపాయలిచ్చి సీడీ తీసుకెళ్లిన మనిషి గేము కొని ఆడి వచ్చి సినిమా చూడాలా? భోజనానికి పిలిచి, పప్పు ఇక్కడ, కూర పక్కింట్లో అంటే ఎలా? ఈ విషయంలో నాకు ఇవాళ్టికీ కోపమే.

జోస్యం చెప్పే ఒరాకిల్ పాత్రకు నటి మారిపోవడం ఇంకో గొడవ. వంటగదిలో బిస్కెట్లు కాల్చే ఆ ముసలామె పాత్ర వేసిన గ్లోరియా ఫాస్టర్ 2001లో చనిపోయారు. మూడోదాంట్లో మేరీ ఆలిస్ వేశారు. కథలో ఏదో కారణం చెప్పి సర్దారు. ఒకావిడ సీడీ తిరిగిచ్చేస్తూ, "ఆ మొదటావిడ ఏదయ్యా? ఈవిడ నాకు నచ్చలేదు" అంది, నేనే మార్చినట్టు. ఇప్పుడు చూస్తే మేరీ ఆలిస్ బాగానే చేశారు. మొదటావిడలో కొంచెం ఆట పట్టించే గుణం ఉండేది, ఈవిడ అలిసిపోయినట్టు ఉంటుంది. కథ ముగింపుకు అలసటే సరిపోయింది.

నాకు ఇప్పుడు అన్నిటికంటే నచ్చింది ఎవరూ పట్టించుకోని ఆ రైల్వే ప్లాట్‌ఫామ్. స్టేషన్ పేరు మోబిల్ అవెన్యూ. ఆ ఇంగ్లిష్ అక్షరాల్ని అటూ ఇటూ మారిస్తే లింబో అని వస్తుంది, అటూ కాని ఇటూ కాని చోటని. అక్కడ నియోకు ఎదురయ్యేది మనవాళ్లలాంటి కుటుంబం. తండ్రి రామ-కాండ్ర, తల్లి కమల, చిన్నపిల్ల సతి. రామచంద్ర అనబోయి నాలుక తడబడ్డట్టుంటుంది ఆ పేరు, పోనివ్వండి. వీళ్లు మనుషులు కాదు, ప్రోగ్రాములు. తండ్రి పవర్ ప్లాంటులో మేనేజరు. పిల్లకు ఏ పనీ కేటాయించి లేదు కాబట్టి యంత్రాల లోకంలో దాన్ని తుడిచేస్తారు. అందుకే దొంగదారిన మ్యాట్రిక్స్‌లోకి తీసుకెళ్లి ఒరాకిల్ దగ్గర వదలడానికి వచ్చారు. మన ఊరి నుంచి పిల్లను పైచదువులకు పంపే నాన్న రైలెక్కించేటప్పుడు ఎలా నిలబడతాడో, ఆ మనిషి అలాగే నిలబడతాడు. బట్టలు నలక్కుండా, ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా. ఒక యంత్రం ప్రేమ గురించి మాట్లాడుతుందేమిటని నియో ఆశ్చర్యపోతే, అది ఒక మాట మాత్రమేననీ, ఆ మాట సూచించే బంధమే ముఖ్యమనీ అంటాడాయన. కర్మ గురించి కూడా అలాగే, విసుగూ వేదాంతమూ లేకుండా, నేను చేయాల్సిన పని అన్నంత మామూలుగా చెబుతాడు.

2004లో ఈ సీను రాగానే మా ఇంట్లో ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కింది నేనే. ఫైట్ ఎప్పుడొస్తుందా అని.

చివరి ఫైట్ వస్తుంది లెండి, వానలో. విలన్ స్మిత్, అదుపు తప్పి మ్యాట్రిక్స్‌లో అందరినీ తనలా మార్చేసుకుంటున్న ప్రోగ్రాము. వీధికి రెండు వైపులా వందల మంది స్మిత్‌లు నల్ల సూట్లలో నిలబడి చూస్తుంటారు, ఒక స్మిత్ నియోతో తలపడతాడు. గాల్లోకి లేచి, మేఘాల మధ్య గుద్దుకుని, కిందపడి రోడ్డు పగలగొడతారు. ఫైట్‌గా చూస్తే రెండో భాగంలో చేసిందానికంటే కొత్తేమీ లేదు. కానీ దాని ముగింపు దగ్గరే జనం రెండు ముక్కలయ్యారు. నియో గెలవడు. లేచి నిలబడి, ఇక పోట్లాడటం మానేసి, స్మిత్ తనను కూడా తనలా మార్చేసుకోవడానికి ఒప్పుకుంటాడు. అప్పటికే యంత్రాలతో బేరం కుదిరింది: మీ చేతుల్లో లేకుండా పోయిన స్మిత్‌ను నేను ఆపుతాను, మీరు మా జనాన్ని వదిలేయండి. స్మిత్ పోతాడు, నియో కూడా పోతాడు, జయాన్ మీది యంత్రాలు వెనక్కి తిరుగుతాయి. మ్యాట్రిక్స్ మాత్రం అలాగే ఉంటుంది, బయటికి రావాలనుకున్నవాళ్లను రానిస్తారు, అంతే.

"ఏంటి నాన్నా, మూడు సినిమాలు లాగి లోక్ అదాలత్‌లో రాజీ చేసుకున్నట్టు ముగించారు" అన్నాడు మా అబ్బాయి. ఇరవై ఏళ్ల కిందట మా కౌంటర్ దగ్గర అందరి కోపమూ ఇదే, వాళ్లకు ఈ పోలిక తట్టలేదు గానీ. మొదటి సినిమా చివర్లో హీరో ఫోన్ పెట్టేసి ఆకాశంలోకి ఎగిరాడు. అది చూసి పెరిగినవాళ్లు, మూడోదాంట్లో ఆ లోకమంతా పేలిపోతుందని, జనమంతా తొట్టెల్లోంచి లేచి నడిచొస్తారని కూర్చున్నారు. నేనూ అలాగే కూర్చున్నాను. ఇప్పుడు నాకు యాభై రెండు. అన్నదమ్ముల మధ్య స్థలం గొడవను పదకొండేళ్లు కోర్టులో తిప్పి, చివరికి నేనూ రాజీయే పడ్డాను. ఓడిపోయానని ఆ రోజు రాత్రి అన్నం తినలేదు. ఆరు నెలలకు మా అన్న పండక్కి ఇంటికొచ్చాడు. ఈ సినిమా ముగింపు నాకు ఇప్పుడెందుకు నచ్చిందో మా వాడికి చెప్పలేదు, వాడికి ఇప్పుడే అర్థం కానక్కర్లేదు కూడా.

ట్రినిటీ చావు సీను మాత్రం అప్పుడూ ఇప్పుడూ సాగతీతే. అంతకు ముందు క్షణం ఎంత బాగుంటుందో! ఓడ నల్లమబ్బుల్ని చీల్చుకుని పైకొస్తే, జీవితంలో మొదటిసారి ఎండను చూస్తుంది. పక్కన నియోకు కళ్లు పోయాయి, ఆ ఎండ అతనికి కనపడదు. అంతా నాలుగైదు సెకన్లు. మళ్లీ ఓడ మబ్బుల్లోకి పడిపోతుంది. ఆ తర్వాత ఆమె ఇనుప చువ్వలు గుచ్చుకుని అన్ని నిమిషాలు మాట్లాడకపోయినా నాకు ఏడుపొచ్చేది.

మీరు చూడాలనుకుంటే నా సలహా: మూడోదాన్ని విడిగా చూడకండి, ముందురోజు రెండోది చూసి ఉండాలి. ఫోన్లో అసలే వద్దు. యుద్ధమంతా చీకట్లో, బూడిద రంగులో ఉంటుంది, చిన్న తెరమీద ఈగలు ముసిరినట్టు ఉంటుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, మ్యాట్రిక్స్‌ను తయారుచేసిన ఆర్కిటెక్ట్ అనే ప్రోగ్రాము మాటలు అమెరికా వాళ్లకైనా అర్థమయ్యాయో లేదో. 2021లో నాలుగోది కూడా తీశారు, అది మా ఇంట్లో అరగంటకు మించి నడవలేదు.

ఇంకొకటి. 2004లో ఈ సినిమాను తిట్టకుండా సీడీ తిరిగిచ్చినవాడు నా ఎరుకలో ఒక్కరే, రిటైరైన సంస్కృతం మాస్టారు. మనవడి కోసం తీసుకెళ్లి తనే చూశారట. "చివర్లో పేర్లు పడేటప్పుడు ఆపేయకు నాయనా, ఉపనిషత్తు పాడుతున్నారు" అన్నారు. పెద్దాయనకు చెవులు సరిగ్గా వినపడటం లేదేమో అనుకుని, సరే మాస్టారూ అని పదిహేను రూపాయలు తీసుకున్నాను. సీడీ పెట్టి చూడలేదు.

మొన్న ఆదివారం రాత్రి మావాడు రిమోట్ తీసుకోబోతుంటే ఆపమన్నాను. డప్పుల కింద నుంచి, టెక్నో మోతలోంచి మెల్లగా వచ్చింది: అసతో మా సద్గమయ, తమసో మా జ్యోతిర్గమయ. బృహదారణ్యకంలోది. వానలో ఫైట్ జరిగేటప్పుడు వెనక కోరస్ పాడింది కూడా ఉపనిషత్తు మాటలేనట, మావాడు అప్పటికప్పుడు వెతికి చెప్పాడు. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాం, సౌండ్ పెంచి.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది: "ఈ టైములో ఏ గుళ్లో పెట్టార్రా అది?"