భయపడే సాక్షికి ఏది మేలు: తెరా, పక్క గదిలో కెమెరానా, ముందే రికార్డింగా?

తొమ్మిదేళ్ళ పాప సాక్షి బోనులో నిలబడింది అనుకుందాం. ఎవరి మీద కేసు నడుస్తోందో ఆ మనిషి పది అడుగుల దూరంలో ఉన్నాడు. పీపీ గారు (ప్రభుత్వం తరఫు లాయరు) మెల్లగానే అడుగుతారు: "ఆ రోజు ఏం జరిగిందో చెప్పమ్మా." పాప ఒకసారి అటు చూస్తుంది, తల దించుకుంటుంది, ఇక నోరు విప్పదు. చెప్పడానికి ఏమీ లేక కాదు, అతను చూస్తుండగా చెప్పలేక. కోర్టు రికార్డులో మాత్రం ఆ మౌనమే పడుతుంది, దాని కారణం పడదు.

ఇలాంటి సాక్షి చేత చెప్పించడానికి ఇప్పుడు నాలుగు దారులున్నాయి. కోర్టు హాల్లోనే మధ్యలో తెర కట్టడం. కోర్టు ఆవరణలోని వేరే గదిలో కూర్చోబెట్టి కెమెరా ద్వారా లైవ్‌లో చెప్పించడం. ఇంటి నుంచో, దూరంగా ఉన్న మరో చోటి నుంచో వీడియో లింకు ద్వారా చెప్పించడం. అసలు విచారణ మొదలవకముందే చీఫ్ (సాక్షిని పిలిచిన పక్షం అడిగే ప్రశ్నలు), క్రాస్ (ఎదుటి పక్షం అడిగే ప్రశ్నలు) రెండూ రికార్డు చేసి పెట్టుకోవడం.

ఇది పిల్లలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. 2022 జనవరిలో మన సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో, ఏ వయసువారైనా లైంగిక దాడి బాధితులు, మానసిక అనారోగ్యం ఉన్నవారు, మాట్లాడలేనివారు, వినలేనివారు, ప్రాణభయం ఉన్న సాక్షులు అందరినీ ఈ కోవలోకే తెచ్చారు. ప్రతి జిల్లాలో ఇలాంటివారి కోసం ప్రత్యేక సాక్ష్య కేంద్రం ఉండాలన్నారు, పర్యవేక్షణకు జస్టిస్ గీతా మిట్టల్ గారి నాయకత్వంలో కమిటీ వేశారు.

ఈ నాలుగు దారులనూ మూడు ప్రశ్నలతో తూచి చూస్తాను. సాక్షి నోరు తెరుచుకుంటుందా? చెప్పింది నిజమా కాదా అని జడ్జి తేల్చుకోగలరా? ముద్దాయికి తన వాదన వినిపించుకునే అవకాశం పూర్తిగా దక్కుతుందా? మూడో ప్రశ్నను మొక్కుబడిగా చేర్చలేదు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టంలో తీవ్రమైన అత్యాచార నేరానికి 2019 సవరణ తర్వాత కనీస శిక్షే 20 ఏళ్ళు. అంత శిక్ష పడే మనిషి, తన మీద సాక్ష్యం చెప్పేవారిని గట్టిగా ప్రశ్నించాలని కోరుకోవడం న్యాయమే.

తెర: చవక, కానీ కళ్ళకే గంత

తెరకు కరెంటు అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, ఈరోజు అనుకుంటే ఈరోజే కట్టుకోవచ్చు. జడ్జికి సాక్షి మనిషిగా ఎదురుగా కనిపిస్తుంది. చేతులు వణకడం, గొంతు పూడుకుపోవడం, ఏ ప్రశ్న దగ్గర ఆగిందన్నది అన్నీ కళ్ళముందే ఉంటాయి.

కానీ తెర కళ్ళను మాత్రమే కప్పుతుంది. అవతల అతను దగ్గితే వినిపిస్తుంది. కుర్చీ జరిపినా వినిపిస్తుంది. పైగా ఆ హాలు దాకా రావాలంటే అదే గేటు, అవే మెట్లు, అతని బంధువులు నిలబడి ఉన్న అదే వరండా. పాప గుండె దడ హాల్లోకి రాకముందే మొదలైపోతుంది.

2004లో సాక్షి అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు తెర కట్టమనడంతో పాటు ఇంకో మాట చెప్పింది: సంఘటన గురించి ముద్దాయి తరఫున అడగదలచుకున్న క్రాస్ ప్రశ్నలను రాసి జడ్జికి ఇవ్వాలి, జడ్జి వాటిని సాక్షికి అర్థమయ్యే, ఇబ్బంది పెట్టని మాటల్లో అడగాలి. నాకు తెర కంటే ఈ రెండో మాటే ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

పక్క గది: సరిగ్గా చేస్తే గొప్ప మేలు

"ముద్దాయి సమక్షంలోనే సాక్ష్యం తీసుకోవాలి" అన్న నియమం పాతది, మంచిది. ఎదుట నిలబడి అబద్ధం చెప్పడం కష్టమన్న నమ్మకం దాని వెనక ఉంది. అమెరికా సుప్రీంకోర్టు 1988లో ఇద్దరు బాలికలకూ ముద్దాయికీ మధ్య తెర పెట్టడమే తప్పని, ఒక శిక్షను కొట్టేసింది. రెండేళ్ళు తిరిగేసరికి, 1990లో, మేరీలాండ్ కేసులో అదే కోర్టు 5-4 మెజారిటీతో ఒక మినహాయింపు ఇచ్చింది: ముద్దాయి ఎదుట ఆ బిడ్డ చెప్పలేని స్థితిలో ఉందని ఆ కేసు వరకు నిర్ధారించుకుంటే, వేరే గది నుంచి టీవీ ద్వారా చెప్పించవచ్చు అంది. మన సుప్రీంకోర్టు 2003లో ప్రఫుల్ దేశాయ్ కేసులో, సమక్షం అంటే ఒకే గదిలో ఉండటమే కానక్కర్లేదు, వీడియోలో చూస్తూ వింటూ ఉన్నా సమక్షమే అంది. పోక్సో 36వ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉంది: సాక్ష్యం ఇచ్చే సమయంలో బిడ్డకు ముద్దాయి ఎదురుపడకూడదు, కానీ బిడ్డ చెప్పేది అతనికి వినపడాలి, తన లాయరుతో అతను మాట్లాడుకోగలగాలి.

చట్టం ఇంత బాగున్నా, గది అమరికలో చిన్న పొరపాటు జరిగితే అంతా వృథా. కోర్టు హాల్లో కెమెరాను వెడల్పుగా పెడితే ముద్దాయి ముఖం నేరుగా పాప ముందున్న స్క్రీన్ మీద కనిపిస్తుంది. హాల్లో పది అడుగుల దూరంలో ఉండేవాడు ఇప్పుడు రెండడుగుల దూరానికి వచ్చినట్టు. కెమెరా స్క్రీన్‌కు బాగా పైన ఉంటే పాప స్క్రీన్ వైపు చూస్తూ మాట్లాడుతున్నా, హాల్లోవాళ్ళకు కళ్ళు దించుకుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది, "చూడండి, ముఖం చాటేస్తోంది" అనుకుంటారు. మాట ఒక్క క్షణం ఆలస్యంగా చేరినా ప్రశ్న మీద ప్రశ్న పడుతుంది, పాప తడబడుతుంది, ఆ తడబాటు అబద్ధంలా వినిపిస్తుంది. బట్టలో, కాగితాలో చూపించి "ఇవేనా?" అని అడగాల్సి వస్తే వాటిని ఆ గదికి చేర్చేదెవరు? ముద్దాయిని గుర్తుపట్టే ఘట్టం ఎలా నడపాలి? ఇవన్నీ ముందురోజే తేల్చుకోవాలి.

ఇంకో చిక్కుంది, దాని గురించి తగినంతగా మాట్లాడుకోవడం లేదనిపిస్తుంది. 1998లో అమెరికాలో గెయిల్ గుడ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం చిన్నపిల్లలతో నమూనా విచారణలు జరిపి చూసింది. కెమెరా ద్వారా చెప్పినప్పుడు పిల్లల సమాధానాలు మొత్తం మీద ఎక్కువ సరిగ్గా ఉన్నాయి. కానీ టీవీలో చూసిన జ్యూరీ సభ్యులకు ఆ పిల్లలే తక్కువ నమ్మదగినవారిగా అనిపించారు. అంటే నిజం మెరుగైంది, నమ్మకం తగ్గింది. మన దగ్గర జ్యూరీ లేదు, నిజమే. అయినా జడ్జి కూడా మనిషే. సాక్షి తీరును బట్టి రిమార్కు రాసే అవకాశం మన ప్రొసీజర్‌లో ఎప్పటి నుంచో ఉంది. స్క్రీన్ మీద చూసిన ముఖం గురించి ఆ రిమార్కు రాసేముందు, అది కెమెరా చూపించిన ముఖమని ఒక్క క్షణం గుర్తుచేసుకోవాలి.

ఇల్లు లేదా దూరపు చోటు

పిల్లల విషయంలో ఇంటి నుంచి వీడియో నాకు అస్సలు నచ్చదు. ఈ తరహా కేసుల్లో ముద్దాయి తరచుగా తెలిసినవాడే, ఒక్కోసారి ఇంటివాడే. కెమెరా ఫ్రేమ్‌కు అవతల ఎవరు కూర్చున్నారో, ఎవరు కళ్ళెర్ర చేస్తున్నారో, ఎవరు జవాబు అందిస్తున్నారో కోర్టుకు కనిపించదు. ఇందులో బిడ్డకూ రక్షణ లేదు, ముద్దాయికీ న్యాయం లేదు. జరిగిన చోటే మళ్ళీ కూర్చుని అదంతా చెప్పమనడం మరీ క్రూరం.

ప్రాణభయం ఉన్న పెద్దవాళ్ళకు సంగతి వేరు. ఎక్కడున్నారో తెలియకుండా, మరో ఊరి కోర్టు నుంచో ప్రభుత్వ కార్యాలయం నుంచో, పక్కన కోర్టు నియమించిన అధికారి ఉండగా చెప్పడం వాళ్ళకు అన్నిటికంటే సురక్షితం. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకంలో లైవ్ వీడియో లింకు కూడా ఒక ఉపాయమే.

ముందే రికార్డింగ్: కాలం తినేయకముందే

పై మూడు దారులకూ ఒక ఉమ్మడి లోపం ఉంది. ముద్దాయి ముఖాన్ని దూరం చేస్తాయి గానీ, వాయిదాలను దూరం చేయవు. ఏడేళ్ళప్పుడు జరిగింది పదేళ్ళప్పుడు చెప్పమంటే ఏ పిల్లకైనా రోజు, టైము, చొక్కా రంగు కలగాపులగం అవుతాయి. ఈలోగా రాజీ కోసం ఇంటికి వచ్చేవాళ్ళు, బెదిరించేవాళ్ళు, "మరిచిపోవే తల్లీ" అని బతిమాలే సొంతవాళ్ళు. సాక్షులు ఎదురు తిరిగేది ఈ ఎడంలోనే. సంఘటన గురించి రోజూ తలుచుకుంటే తప్ప గుర్తుండదు, మరిచిపోతే తప్ప బతకడం కుదరదు. ఆ బిడ్డను ఇలా ఏళ్ళ తరబడి నిలబెట్టడం నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం.

ముందస్తు రికార్డింగ్ దెబ్బకొట్టేది దీన్నే. జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే జడ్జి సమక్షంలో, ఇరుపక్షాల లాయర్లూ ప్రశ్నించగా రికార్డు చేస్తారు. ఆ తర్వాత విచారణ ఎప్పుడు జరిగినా బిడ్డ తిరిగి రానక్కర్లేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1990ల మొదట్లోనే ఇది మొదలైంది. ఇంగ్లండ్‌లో 1989లో పిగాట్ కమిటీ సిఫారసు చేసింది, 1999 చట్టంలో 28వ సెక్షన్‌గా చేరింది, కానీ మూడు కోర్టుల్లో ప్రయోగాత్మకంగా మొదలయ్యేసరికి 2013 చివరికొచ్చింది. ఐస్‌లాండ్ 1998లో ఇంకో అడుగు వేసింది: పిల్లల కోసం ఒక ఇల్లు ఏర్పాటు చేసి, వైద్య పరీక్ష, కౌన్సెలింగ్, సాక్ష్యం అన్నీ అక్కడే జరిపించింది.

మన చట్టంలో దీని సగం రూపం ఉంది. 2013 సవరణతో, వైకల్యం ఉన్న బాధితురాలు మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని వీడియో తీసి, దాన్నే చీఫ్ ఎగ్జామినేషన్ కింద లెక్కించవచ్చు. కానీ క్రాస్‌కు మళ్ళీ రావాల్సిందే. ఆ ముళ్ళ భాగమే మిగిలిపోయింది. పోక్సోలో కేసు స్వీకరించిన 30 రోజుల్లో బిడ్డ సాక్ష్యం నమోదు చేయాలని 35వ సెక్షన్ ఉంది. దాన్ని నిజంగా పాటిస్తే ముందస్తు రికార్డింగ్ వల్ల వచ్చే మేలు చాలావరకు వచ్చేస్తుంది.

ముద్దాయి వైపు నుంచి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఫోన్ రికార్డులు, ల్యాబ్ రిపోర్టులు చేతికి రాకముందే క్రాస్ చేయమంటే ఏం అడగాలో లాయరుకు తెలియదు. తర్వాత కొత్త సంగతి బయటపడితే బిడ్డను మళ్ళీ పిలవాల్సి వస్తుంది, అప్పుడు రెండుసార్లు బాధ. కాబట్టి పోలీసులు కాగితాలన్నీ ముందే డిఫెన్స్‌కు ఇచ్చేసి ఉండాలి. ఇవ్వకుండా రికార్డింగ్‌కు తొందరపడితే ఆ కేసు అప్పీలులో నిలవదు.

కెమెరా చేయలేని పని

"అతను నీ గదిలోకి రాలేదని, మీ అమ్మ నేర్పినట్టే చెప్తున్నావని అంటున్నాను, అవునా కాదా?" ఇది క్రాస్‌లో మామూలుగా వినిపించే తరహా ప్రశ్న. "రాలేదు" అన్నదానికి మనవాళ్ళు "అవును" అంటే రాలేదనే అర్థం. పాప "అవును" అన్నది దేనికి? గదిలోకి రాలేదన్నదానికా, అమ్మ నేర్పిందన్నదానికా, లేక విసిగిపోయా? బోనులో అడిగినా, తెర వెనక అడిగినా, పక్క గదిలో అడిగినా ఆ ప్రశ్న ఆ ప్రశ్నే. దాన్ని విడగొట్టి ఒక్కొక్కటిగా అడిగించగలిగేది జడ్జి మాత్రమే. పోక్సో 33వ సెక్షన్ ప్రకారం లాయర్లు ప్రశ్నలను జడ్జికి చెప్తే జడ్జే బిడ్డను అడగాలి, మధ్యలో విరామాలివ్వాలి, నమ్మిన మనిషిని పక్కన ఉండనివ్వాలి. ఇంగ్లండ్‌లో అయితే ప్రశ్నను సాక్షి భాషలోకి మార్చిపెట్టే మధ్యవర్తి ఉంటారు.

నా తూకం ఇలా తేలింది. పిల్లలకు, మానసిక వైకల్యం ఉన్నవారికి ముందే చీఫ్, క్రాస్ రెండూ రికార్డు చేయడం అన్నిటికంటే మేలు, కాగితాలు డిఫెన్స్‌కు ముందే అందితేనే సుమా. అది కుదరనిచోట కోర్టు ఆవరణలో వేరే దారి ఉన్న గది నుంచి లైవ్ లింకు. గది లేకపోతే తెర, అదీ జడ్జి ద్వారా ప్రశ్నలతో. ఇంటి నుంచి వీడియో పిల్లలకు వద్దు.

ఈ వరుసను పెద్దవాళ్ళైన బాధితుల మీద మాత్రం రుద్దకూడదు. "నేను హాల్లోనే నిలబడతాను, అతన్ని చూస్తూనే చెప్తాను" అనే ఆడవాళ్ళుంటారు. వాళ్ళకు అది ధైర్యం, దాన్ని తెర కట్టి తీసేయకూడదు. ఏది కావాలో సాక్ష్యం రోజు పొద్దున వరండాలో హడావుడిగా అడగకుండా, వారం ముందే ఆ గదీ హాలూ రెండూ చూపించి అడగాలి. బోనులోకి వెళ్ళాక మనసు మారితే మారనివ్వాలి, ఆ రోజంతా పక్క గదిలో కెమెరా సిద్ధంగానే ఉండాలి.