పాత పెంకుటిల్లు కూల్చే ముందు: గుత్తకిచ్చేయడం మేలా, విప్పించుకోవడం మేలా?

మా తాతగారి మండువా ఇల్లు తీసేసినప్పుడు మేం చేసింది చాలామంది చేసేదే. ఇళ్లు కూల్చే మేస్త్రీ వచ్చి, ఒకసారి అన్ని గదులూ తిరిగి, ఒక అంకె చెప్పాడు. ఆ డబ్బు మాకిచ్చేసి కలప, పెంకు, ఇటుక, ఇనుము అన్నీ తనే తీసుకుపోయి, స్థలం చదును చేసి అప్పగిస్తాడు. మాకు టెన్షన్ ఉండదు కదా అని సరే అన్నాం. మూడో రోజు పెదనాన్న వెళ్లేసరికి దూలాలు లారీ ఎక్కుతున్నాయి. ఏళ్ల తరబడి నల్ల రంగు పూసుకుంటూ వచ్చిన దూలం ఒకటి గునపం తగిలి కొంచెం చెక్కు లేచింది. లోపల తేనె రంగు టేకు. "ఇన్నాళ్లూ ఇవి తాటి దూలాలే అనుకున్నాంరా" అన్నారు పెదనాన్న. అప్పటికే డబ్బు పుచ్చుకున్నాం. ఆ మేస్త్రీ మమ్మల్ని మోసం చేయలేదు. మా ఇంట్లో ఏముందో మాకే తెలియదు, అంతే.

కొన్నేళ్లకు అమ్మమ్మగారి ఇంటి వంతు వచ్చింది. ఈసారి వడ్రంగిని పెట్టి కలపంతా మేమే విప్పించాం. కొంత అమ్మాం, కొంత కొత్త ఇంటికి వాడాం. రెండు దారులూ దగ్గరుండి చూశాను కాబట్టి, ఇల్లు కూల్చబోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

గుత్తకిస్తే లాభం ముఖ్యంగా సమయమే. నాలుగైదు రోజుల్లో స్థలం ఖాళీ అవుతుంది, కూలీల భోజనాల నుంచి మట్టి తోలించడం దాకా అన్నీ అతనే చూసుకుంటాడు. స్లాబు ఇల్లయితే ఇదే మేలు. అందులో మిగిలేది ఇనుప చువ్వలు, తలుపులు, కిటికీలు, వాటికోసం మనం నెల రోజులు కష్టపడక్కర్లేదు. మట్టిగోడలు, తాటి దూలాలు, తాటి వాసాలున్న చిన్న ఇంటికీ ఇదే మాట. పెద్ద పెంకుటిల్లు విషయం వేరు. అక్కడ విలువంతా కలపలో ఉంటుంది. మేస్త్రీ తన నష్టభయమంతా లెక్కేసుకుని, దూలం లోపల పుచ్చి ఉండొచ్చన్న అనుమానం కూడా కలుపుకుని తక్కువ ధర చెబుతాడు. అది అతని వ్యాపారం. మనం కొలవకుండా బేరానికి కూర్చోవడం మాత్రం మన తప్పు.

కొలవడం ఏమంత కష్టం కాదు. వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో రాసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. కలప అడితీలో సీఎఫ్‌టీ అనేది దీన్నే. అమ్మమ్మగారి నడవా దూలం 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం, 14 అడుగుల పొడవు. అంటే సుమారు 4.67 ఘనపుటడుగులు. ఇలా దూలాలు, స్తంభాలు, వాసాలు, ద్వారబంధాలు ఒక్కొక్కటీ రాసుకుని, పాత కలప కొనే రెండు మూడు అడితీల్లో ధర కనుక్కుంటే ఇంటి విలువ మీకే తెలుస్తుంది. ఏది ఏ కలపో తెలియాలంటే రంగు పైపైన చూస్తే చాలదు. కనపడని మూల వడ్రంగితో కాస్త చిత్రిక పట్టించండి. టేకయితే రంగు, వాసన వెంటనే చెప్పేస్తాయి.

గోదావరి, కృష్ణా జిల్లాల్లో 1940లకు ముందు కట్టిన పెద్ద ఇళ్లలో రంగూన్ టేకు ఉండే అవకాశం ఎక్కువ. కాకినాడ రేవు నుంచి బర్మాలోని రంగూన్‌కు ఓడలు తిరిగిన రోజులవి. కూలికీ వ్యాపారానికీ మనవాళ్లు వేలమంది వెళ్లేవారు, అక్కడి కలప ఇక్కడికి వచ్చేది. 1942లో జపాన్ సైన్యం బర్మాను ఆక్రమించడంతో ఆ దారి తెగిపోయింది. ఏజెన్సీ అడవుల నుంచి గోదావరి మీద తెప్పలుగా కట్టి దించిన టేకు కూడా ఈ ఇళ్లలో ఉంటుంది. ఇన్నేళ్లు గాలికి ఆరిన చేవ కర్ర ఇక వంకర్లు పోదు. కొత్త కలపలో డబ్బు పెట్టినా దొరకనిది ఈ గుణమే.

మనమే విప్పించుకుంటే డబ్బు ఎక్కువ వస్తుంది, కష్టమూ ఎక్కువే. కట్టిన వరసకు సరిగ్గా తిరగేసి విప్పాలి. ముందు కరెంటు శాఖవాళ్లతో సర్వీసు తీయించాలి. తర్వాత పెంకులు, వాటి కింది పట్టెలు, వాసాలు, ఆఖరున దూలాలు. తలుపు రెక్కలు, కిటికీ రెక్కలు మొదటి రోజే తీయొచ్చు. ద్వారబంధం జోలికి మాత్రం తొందరపడి పోవద్దు. పాత ఇళ్లలో పై గోడ బరువు చాలాచోట్ల ఆ బంధం మీదే ఉంటుంది. పైన గోడ దిగాకే దాన్ని కదపాలి. మా దగ్గర ఒక కుర్రాడు పలుగుతో గడప లేపబోతే వడ్రంగి తాత పెద్దగా అరిచి ఆపాడు. ఆ రోజు ఆయన లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. పాక మీద సిమెంటు రేకులుంటే పగలగొట్టకుండా బోల్టులు విప్పి నిండుగా దించండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని.

సింహద్వారాన్ని ఘనపుటడుగుల లెక్కన అమ్మడం పెద్ద పొరపాటు. చెక్కడమున్న బంధం, రెక్కలు, గడప, ఇత్తడి గుబ్బలు, గొళ్లెం, గొలుసు అన్నీ కలిసి ఒక్క వస్తువు. విడదీస్తే కర్ర ధర, కలిపి ఉంచితే పనితనం ధర. తమిళనాడులోని కారైకుడిలో చెట్టియార్ల పాత ఇళ్ల తలుపులు, స్తంభాలు అమ్మే వీధే ఉంది. అక్కడ కర్ర బరువు ఎవరూ చూడరు. చెన్నై దగ్గర 1996లో మొదలైన దక్షిణచిత్ర అనే మ్యూజియంలో పాత ఇళ్లను ముక్క ముక్కగా విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. విప్పేటప్పుడు ప్రతి ముక్కకూ గుర్తు వేసుకుంటే అలా తిరిగి నిలబెట్టడానికి వీలుంటుంది. మేం సుద్దతో అంకెలు వేస్తే ఒక్క వానకే పోయాయి. పెయింటుతో వేయండి.

ఇటుక, పెంకు, బండల సంగతి త్వరగా చెప్పేస్తాను. గానుగ సున్నంతో కట్టిన గోడ ఇటుకలు తేలిగ్గా విడిపోతాయి, శుభ్రం చేస్తే మళ్లీ పనికొస్తాయి. సిమెంటు గోడవి ఎక్కువగా విరుగుతాయి. రెండు ఇటుకలు కొట్టి చూస్తే ఖంగుమనాలి. గోడ అడుగున చవుడు పట్టినవి వదిలేయండి. మంచివైనా ప్రహరీకో అరుగుకో చాలు, మోసే గోడకు నేనైతే వాడను. ఇటుకలు మేం మేస్త్రీకే వదిలేశాం, అందుకు బాధ లేదు. బంగాళా పెంకులు నిండుగా ఉన్నవి మాత్రం పశువుల కొట్టానికి దాచుకున్నాం. బేతంచెర్ల, తాండూరు బండలు సున్నంలో పరిచినవైతే పలుగుతో నెమ్మదిగా లేపితే నిండుగా వస్తాయి. కాళ్ల కింద అరిగిన ఆ నునుపు కొత్త బండకు రాదు.

ఇక కొత్త ఇంట్లో వాడుకోవడం. మనసుకు అన్నిటికంటే దగ్గరైన దారి ఇదే, కానీ అన్నిటికీ సరిపోదు. పాత తలుపులు పొట్టి, తల వంచి వెళ్లడానికి కట్టినవి. వాటిని ఏడడుగుల గుమ్మాలకు పెట్టలేం. దూలాలు కోయించి కొత్త బంధాలు చేయించడం మేలు. గోడలో కూరుకున్న కొనలు తేమకు చివికి ఉంటాయి, అవి కోసేయాల్సిందే. మేకులన్నీ తీశాకే సామిల్లుకు పంపాలి. ఒక్క మేకు మిగిలినా రంపం పళ్లు పోతాయి, మళ్లీ మీ కర్ర ముట్టుకోరు. అయస్కాంతంతో వెతికితే దాగినవీ దొరుకుతాయి. వడ్రంగి కూలి కొత్త కర్ర పనికంటే ఎక్కువవుతుందని ముందే ఒప్పుకోండి. ఇంకో మాట. పాత రంగుల్లో సీసం ఉంటుంది. ఇళ్లకు వేసే రంగుల్లో అది 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అందుకే రంగు గీకే పని పిల్లలకు దూరంగా, ముక్కుకు మాస్కు కట్టుకుని, తడిపి చేయించండి.

పాత ఇంటి కర్ర కొత్త ఇంటి సింహద్వారానికి వాడకూడదని మా అత్తయ్య పట్టుబట్టింది. ఆవిడ మాట కాదనలేదు. ఆ కర్రతో లోపలి గదుల బంధాలు, ఊయల బల్ల చేయించాం. గడప మాత్రం అమ్మ అమ్మనివ్వలేదు. ఇప్పుడది పెరటి వసారాలో కూర్చునే బల్ల.

నా తీర్పు అడిగితే, పెద్ద పెంకుటింటికి రెండూ కలపడమే మేలు. కలప, సింహద్వారం, బండలు, ఇత్తడి మీరు విప్పించుకోండి. గోడలు, ఇటుక, మట్టి గుత్తకివ్వండి. ఏవి మీవో, ఏవి అతనివో, ద్వారబంధాల పైనున్న గోడ ఎవరు దించాలో కాగితం మీద రాసుకోండి. టేకు లారీలో ఊరు దాటించాలంటే దారిలో ఫారెస్టు చెక్‌పోస్టు ఆపుతుంది. రేంజ్ ఆఫీసులో ముందే అడిగి, కావలసిన అనుమతి కాగితం చేతిలో పెట్టుకోండి.

హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండి ఊళ్లో ఇల్లు కూల్పించేవాళ్లకు నెల రోజుల సెలవు దొరకదు. వాళ్లకు గుత్త తప్పకపోవచ్చు. అప్పుడు కూడా ఊళ్లో నమ్మకమైన వడ్రంగికి ఒక రోజు కూలి ఇచ్చి, ప్రతి దూలం కొలత, ఏ కర్రో, ఫోటోతో సహా వాట్సాప్‌లో తెప్పించుకోండి. ఆ చిట్టా దగ్గర పెట్టుకుని మేస్త్రీకి ఫోన్ చేయండి.