ఎనిమిదో తరగతి ఇంగ్లిష్: స్పోకెన్ క్లాసు మేలా, సైన్సు పీరియడ్ మేలా?

అక్షరాలే రాని పిల్లవాడితో ఎక్కడ మొదలుపెట్టాలో టీచర్లకు తెలుసు. చిక్కంతా మధ్యవాళ్లతోనే. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఇలాంటివాళ్లు ఎక్కువయ్యారు. "మే ఐ కమిన్ సార్" తడుముకోకుండా అంటారు, పాఠం గడగడా చదువుతారు, బోర్డు మీదిది పొల్లుపోకుండా దించుతారు. ఇనుము ఎందుకు తుప్పు పడుతుందో సొంతంగా రాయమంటే మాత్రం పెన్ను కదలదు.

వీళ్లకు మూడు దారులున్నాయి. మొదటి దారి, తల్లిదండ్రులు ముందుగా అడిగే స్పోకెన్ ఇంగ్లిష్. మూడు, నాలుగు తరగతుల్లో బెరుకు పోవడానికి అది మంచిదే. వీళ్లకు కావలసింది వేరు. మాట్లాడే భాష, చదువుకు కావలసిన భాష ఒకటి కావని కెనడా భాషా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లోనే చెప్పాడు. మొదటిది రెండేళ్లలో పట్టుబడినా రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందన్నది కెనడాకు వలసవచ్చిన పిల్లలను చూసి వేసిన లెక్క. వాళ్లకు వీధిలో కూడా ఇంగ్లిషే. మనవాళ్లకు బడి గంట కొట్టాక వినపడదు.

రెండో దారి చేతిలో ఉన్నదే: ద్విభాషా పాఠ్యపుస్తకం. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురుగా అదే తెలుగులో. కానీ పిల్లలు తెలుగు పేజీ చదివి అక్కడితో ఆపేస్తారు, పరీక్షకు గైడు బట్టీ పడతారు. తెలుగు పేజీతో విషయం అర్థమయ్యాక దాన్ని మూసి, ఇంగ్లిష్ పేజీలో అదే సంగతి వెతికిస్తే పుస్తకం పనికొచ్చినట్టు.

నా ఓటు మూడో దారికి: సైన్సు పీరియడ్‌లోనే పది నిమిషాలు భాషకు. బోర్డు మీద "ఐరన్ రస్ట్స్ బికాజ్..." అని సగం వాక్యం రాసి, మిగతాది ముందు పక్కవాడికి నోటితో చెప్పించాలి, తర్వాతే రాయించాలి. తప్పులన్నిటికీ ఎర్ర సిరా పెట్టకుండా ఈ వారం క్రియాపదాలు, వచ్చే వారం ఇంకోటి చూస్తే చాలు. "ఇంగ్లిష్ చెప్పడం నా పనా, సిలబస్ ఎవరు పూర్తిచేస్తారు?" అని సైన్సు సార్లు అంటారు. న్యాయమైన మాటే. అందుకే రాసిన జవాబు దిద్దే పని ఇంగ్లిష్ టీచర్ తీసుకోవాలి, తన పీరియడ్‌లో అదే తుప్పు జవాబుతో.

బోర్డు మీది సగం వాక్యం ఎప్పుడు తీసేయాలి? ఎవరూ చెప్పకుండా పిల్లవాడు సోషల్ జవాబులో కూడా "బికాజ్" వాడి కారణం రాసిన రోజు.