జనరేటర్ కింద రబ్బరా, స్ప్రింగులా: ఏది మేలు?

అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. కరెంటు పోయి జనరేటర్ అందుకోగానే ఫస్ట్ ఫ్లోర్ ఫ్లాట్‌లో గోడలు గుయ్‌మంటాయి, మంచం సన్నగా జివ్వుమంటుంది. డీలర్‌ని పిలిస్తే "కెనోపీ 75 డీబీ పాసైంది సార్" అంటాడు. కెనోపీ అంటే సెట్టు చుట్టూ చప్పుడు తగ్గించే పెట్టె, ఎన్‌క్లోజర్ అన్నా అదే. డీబీ అంటే డెసిబెల్, చప్పుడు కొలత. ఆయన మాట నిజమే, ఫ్లాట్ వాళ్ల మాటా నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ముందు చూడాలి.

పర్యావరణ పరిరక్షణ నిబంధనల ప్రకారం 1000 కేవీఏ వరకు ఉన్న డీజిల్ సెట్టు చప్పుడు ఎన్‌క్లోజర్‌కి ఒక మీటరు దూరంలో 75 డీబీ(ఏ) దాటకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 అని హద్దు పెట్టాయి. ఆ హద్దును 10 డెసిబెల్స్ మించితే ఫిర్యాదు చేయొచ్చు. సెట్టు 75 పాసైనా, పడకగది కిటికీకి మూడు మీటర్లలో పెడితే రాత్రి హద్దును బాగా దాటేస్తుంది. ఇది గాలిలో వచ్చే చప్పుడు సంగతి. దానికి మందు ఎన్‌క్లోజర్, సైలెన్సర్, దూరం. కింద రబ్బరు మార్చినా స్ప్రింగు మార్చినా ఈ అంకె పెద్దగా కదలదు.

స్లాబులోంచి పాకే కంపనం వేరు. జనరేటర్ ఇంజను 1500 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 1500 తిరుగుళ్లు, సెకనుకు 25 తిరుగుళ్లు, అంటే 25 హెర్ట్జ్. డీబీ(ఏ) మీటరు మనిషి చెవిని అనుకరించడానికి తక్కువ ఫ్రీక్వెన్సీలను తగ్గించి లెక్కేస్తుంది. 25 హెర్ట్జ్ దగ్గర దాదాపు 45 డెసిబెల్స్, 50 దగ్గర 30 డెసిబెల్స్ కోసేస్తుంది. అందుకే గోడ గుయ్‌మంటున్నా మీటరు ప్రశాంతంగా ఉంటుంది. శబ్ద నిబంధనల్లో అంకెలన్నీ ఈ 'ఏ' లెక్కవే. యంత్రం నుంచి స్లాబులోకి దిగే కంపనానికి వాటిలో విడిగా హద్దు లేదు. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన సెకనుకు 5, 10, 15 మిల్లీమీటర్ల కంపన వేగం హద్దులను కొందరు ఇక్కడికి లాక్కొస్తారు. అవి గనుల్లో, క్వారీల్లో బ్లాస్టింగ్ వల్ల ఇళ్లు దెబ్బతినకుండా పెట్టినవి. నిద్ర చెడకుండా ఉండాలంటే అంతకంటే ఎంతో తక్కువ ఉండాలి.

కాబట్టి డబ్బు పెట్టే ముందు మీ బాధ ఏ రకమో తేల్చుకోండి. సెట్టు నడుస్తుండగా కిటికీలు, బాల్కనీ తలుపు గట్టిగా మూయండి. మోత బాగా తగ్గితే అది గాలిలోది. ఏమీ తగ్గక, గోడకి అరచేయి ఆనిస్తే జిలజిలమంటే అది స్లాబులోది. మంచి మీటరు దొరికితే తక్కువ ఫ్రీక్వెన్సీలను అంతగా కోయని 'సీ' లెక్కలో ఒకసారి, 'ఏ' లెక్కలో ఒకసారి చూడండి. తేడా 20 డెసిబెల్స్ దాటితే తక్కువ ఫ్రీక్వెన్సీ మోతే అసలు దోషి.

ఇక రబ్బరా స్ప్రింగా అన్నది. దీన్ని తేల్చేది ధరా కాదు, కంపెనీ పేరూ కాదు. యంత్రం బరువు పడ్డాక కింద పెట్టిన మౌంటు (రబ్బరైనా స్ప్రింగైనా) ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతుందన్నదే. కేటలాగుల్లో డిఫ్లెక్షన్ అని రాసేది దీన్నే. లెక్క చిన్నదే: 15.8ని ఆ కుంగుడు మిల్లీమీటర్ల వర్గమూలంతో భాగిస్తే మౌంటు సొంత ఫ్రీక్వెన్సీ, అంటే దాని మీద యంత్రం తనంతట తాను ఊగే వేగం, హెర్ట్జ్‌లలో వస్తుంది. యంత్రం వేగం దానికి 1.4 రెట్లు దాటితేనే మౌంటు పనిచేయడం మొదలుపెడుతుంది. మూడు రెట్లు ఉంటే నిశ్చింత. 1.4 రెట్ల కంటే తక్కువైతే కంపనం తగ్గకపోగా పెరుగుతుంది.

పది మిల్లీమీటర్ల రబ్బరు ప్యాడ్ సరైన బరువు పడితే ఒక మిల్లీమీటరు కుంగుతుంది. సొంత ఫ్రీక్వెన్సీ దాదాపు 16. 25 హెర్ట్జ్ జనరేటర్ కింద పెడితే మూడింట రెండు వంతుల కంపనం కిందికి దిగిపోతుంది. మూడు మిల్లీమీటర్లు కుంగే రబ్బరు మౌంటైతే 15 శాతం దిగుతుంది. 25 మిల్లీమీటర్లు కుంగే స్ప్రింగు సొంత ఫ్రీక్వెన్సీ 3.2. దాని గుండా దిగేది రెండు శాతం లోపే. పైగా రబ్బరు కదులుతున్నప్పుడు నిలకడగా ఉన్నప్పటికంటే బిగుసుకుంటుంది కాబట్టి నిజంలో దాని అంకెలు ఇంకా చెడతాయి.

సింగిల్ సిలిండర్ సెట్టు దగ్గర రబ్బరు పూర్తిగా ఓడిపోతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజను రెండు తిరుగుళ్లకి ఒకసారి పేలుతుంది. అంటే 1500 ఆర్‌పీఎం దగ్గర కొట్టుడు 12.5 హెర్ట్జ్. మూడు మిల్లీమీటర్ల రబ్బరు సొంత ఫ్రీక్వెన్సీ 9.1. నిష్పత్తి 1.4 కూడా లేదు, అంటే డబ్బు పెట్టి కంపనాన్ని కాస్త పెంచుకున్నట్టే. మూడు, నాలుగు సిలిండర్ల ఇంజను బాగున్నప్పుడు ఈ గొడవ తక్కువ. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ ఒకటి సరిగా కొట్టకపోతే అదే 12.5 మళ్లీ లేస్తుంది. నిన్నటిదాకా నిమ్మళంగా ఉన్న ఫ్లాట్‌లో ఉన్నట్టుండి మోత మొదలైతే మౌంటు మార్చేముందు ఇంజెక్టర్లు చూపించండి.

సెట్టు ఎక్కడ ఉందన్నది రెండో సంగతి. నేల మీద పోసిన కాంక్రీటు దిమ్మ అయితే కెనోపీ లోపల కంపెనీ బిగించిన రబ్బరు మౌంట్లే చాలు, అదనంగా ఏమీ వద్దు. మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్లలో సెట్టు కూర్చునేది సెల్లార్ పైకప్పు మీద. స్లాబు తానే స్ప్రింగులా కొద్దిగా ఊగుతుంది. మౌంటు స్లాబు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కుంగితేనే పని చేస్తుంది. అలాంటి చోట 25 మిల్లీమీటర్ల స్ప్రింగే సరైనది, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. వీలైతే సెట్టును స్లాబు నడిమధ్య నుంచి బీము మీదికో కాలమ్ పక్కకో జరపండి.

అలాగని రబ్బరును తీసిపారేయనక్కర్లేదు. 2900 ఆర్‌పీఎం మోనోబ్లాక్ పంపు (మోటారు, పంపు ఒకే ముక్కగా ఉండేది) 48 హెర్ట్జ్ మీద తిరుగుతుంది. దానికి మూడు మిల్లీమీటర్ల రబ్బరు మౌంటు 96 శాతం ఆపుతుంది, స్ప్రింగు దండగ. కాకపోతే ప్యాడ్లు వేసేవాళ్లు చేసే తప్పు ఒకటే: ఎంత పెద్ద ముక్క వేస్తే అంత మంచిదనుకుంటారు. రబ్బరు మీద చదరపు సెంటీమీటరుకి మూడు కిలోల దాకా బరువు పడితేనే అది కుంగుతుంది. బేస్‌తో కలిపి 120 కిలోల పంపుకి నాలుగు మూలలా మూడు సెంటీమీటర్ల పైచిలుకు చదరాలు చాలు. అక్కడ పదిహేను సెంటీమీటర్ల ముక్కలు వేస్తే బరువు ఇరవై రెట్లు పలచబడిపోయి, రబ్బరు కుంగకుండా చెక్కలా ఉంటుంది. డీజిల్, ఆయిల్ కారే చోట మామూలు రబ్బరు ఉబ్బి చెడుతుంది, నియోప్రీన్ అడగండి. టెర్రస్ మీద ఎండకి గట్టిపడుతుంది కాబట్టి ఏడాదికోసారి గోరుతో నొక్కి చూడండి.

స్ప్రింగులు చెడేది చాలావరకు బరువు లెక్క తప్పి. కూలెంట్, ఆయిల్, నిండు డీజిల్ ట్యాంకుతో కలిపిన బరువు ఇవ్వాలి. ఇంజను వైపు, ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం) వైపు బరువు సమానంగా ఉండదు. నాలుగు మూలలకీ ఒకే స్ప్రింగు వేస్తే ఒకవైపు చుట్లు ఒకదానికొకటి తగిలి ఇనుప దిమ్మ అయిపోతుంది. సెట్టు నడుస్తున్నప్పుడు చుట్ల మధ్య వెలుతురు కనబడాలి. సన్నటి మోత స్టీలు చుట్ల వెంటే దిగిపోతుంది కాబట్టి ప్రతి స్ప్రింగు కింద రబ్బరు ప్యాడ్ ఉండి తీరాలి. ఆన్ చేసినప్పుడు, ఆపినప్పుడు ఒకటి రెండు సెకన్లు సెట్టు ఊగడం మామూలే. ఆ ఊపును తట్టుకునేలా ఎగ్జాస్ట్‌కి బెలోస్ (వంగే ముడతల లోహపు గొట్టం), డీజిల్‌కి మెత్తటి గొట్టం, కేబుల్‌కి ఒక వదులు చుట్టు ఉండాలి.

రెంటిలో ఏది వేసినా, మధ్యలో ఒక్క గట్టి లంకె మిగిలితే డబ్బంతా వృథా. ఎగ్జాస్ట్ పైపు గోడలో దూరే చోట మేస్త్రీ సిమెంటుతో పూడ్చేస్తాడు. యాంకర్ బోల్టు రబ్బరు బుష్ లేకుండా ప్యాడ్‌లోంచి నేరుగా స్లాబులోకి దిగుతుంది. బేస్ కింద కంకర ముక్క ఇరుక్కుంటుంది. పంపు పైపులను గోడకి బిగించిన క్లాంపులైతే చెప్పనక్కర్లేదు. చాలా ఫిర్యాదులు ఇవి సరిచేస్తే చాలు తీరిపోతాయి, కాబట్టి కొత్తవి కొనేముందు టార్చి పట్టుకుని ఒకసారి చుట్టూ వెతకండి.

పాత టైరు ముక్కలు, కార్క్ షీటు: తాత్కాలికం. గుడ్ల ట్రేలు, ఫోమ్: కంపనానికి సున్నా. ఎయిర్ స్ప్రింగులు ఆస్పత్రి ల్యాబులకి, మనకి అక్కర్లేదు. ఫ్యాక్టరీల్లో లెక్క వేరు. అక్కడ నిబంధన 8 గంటలకి 90 డీబీ(ఏ), 115 ఎప్పుడూ దాటకూడదు, అది పనివాళ్ల చెవుల కోసం. స్ప్రింగు వేస్తే పక్క షెడ్డు స్లాబు కుదుటపడుతుంది గానీ ప్రెస్సు యంత్రం దగ్గర నిలబడ్డ మనిషికి ఇయర్ మఫ్ అవసరం తప్పదు.

కొటేషన్ తీసుకునేటప్పుడు "యాంటీ వైబ్రేషన్ మౌంట్లు, 1 సెట్" అన్న ఒక్క లైనుకి ఒప్పుకోకండి. నిండు బరువు ఎంత, ఏ మూల మీద ఎంత, ఆ బరువుకి డిఫ్లెక్షన్ ఎన్ని మిల్లీమీటర్లు అని కాగితం మీద రాయించండి. బిగించాక వచ్చి స్కేలు పెట్టి నాలుగు మూలలా కొలిచి చూపించాకే చివరి వాయిదా ఇస్తామని అదే కాగితంలో చేర్చండి.