ఒకే శాంపిల్ నుంచి మూడూ తీయాలంటే: ట్రైజాలా, కాలమ్ కిట్టా?

"మేడమ్, ఉన్నది ఒక్క ట్యూబే. డీఎన్ఏ, ఆర్ఎన్ఏ, ప్రోటీన్ మూడూ కావాలి. ఏది వాడమంటారు?" ఎచ్చెర్లలో ప్రాజెక్టు చేసే ఎమ్మెస్సీ పిల్లలు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఇది. ఉద్దానం ఊళ్లలో ఒకసారి తీసిన రక్తం మళ్లీ ఇమ్మని అడగడం అంత తేలిక కాదు.

శాంపిల్‌ను మూడు భాగాలు చేయడం కణాలు కోట్లలో ఉన్నప్పటి మాట. పది లక్షల మనిషి కణాల్లో ఉన్న డీఎన్ఏ అంతా కలిపినా సుమారు 6 మైక్రోగ్రాములే. దాన్నీ పంచుకుంటే మిగిలేదేముంది?

ట్రైజాల్ అంటే కణాలను కరిగించే, ఫీనాల్ ఉన్న ద్రవం. దానికి మూలం 1987లో చోమ్‌చిన్‌స్కీ, సక్కీ ప్రచురించిన పద్ధతి. శాంపిల్‌ను అందులో కరిగించి, క్లోరోఫాం కలిపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైన నీటి పొరలో ఆర్ఎన్ఏ, మధ్య తెల్లని పొరలో డీఎన్ఏ, కింది గులాబీ పొరలో ప్రోటీన్. ఖర్చు తక్కువ, ఆర్ఎన్ఏ బాగా వస్తుంది.

నా లెక్కలో అసలు సంగతంతా ఆ మధ్య పొర దగ్గరే ఉంది. కణాలు తక్కువైతే అది కంటికి ఆనదు. పై పొరను చివరి బొట్టు వరకూ లాగితే డీఎన్ఏ వచ్చి ఆర్ఎన్ఏలో పడుతుంది. పై పొరను ఎక్కువ వదిలేస్తే ఆర్ఎన్ఏ వెళ్లి డీఎన్ఏలో కలుస్తుంది. ఒక వేసవిలో నా చేతిలోనే నాలుగు శాంపిళ్ల డీఎన్ఏ ఇలా పోయింది. ఆ ఇళ్లకు వెళ్లి మళ్లీ సూది గుచ్చుతామని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

కాలమ్ కిట్‌లో ఆ టెన్షన్ లేదు. కాలమ్ అంటే లోపల వడపోత పొర ఉన్న చిన్న గొట్టం. మొదటి కాలమ్ డీఎన్ఏను పట్టుకుంటుంది. కిందికి దిగిన ద్రవంలో ఆల్కహాల్ కలిపి రెండో కాలమ్‌లో పోస్తే ఆర్ఎన్ఏ ఆగుతుంది. అక్కడ దిగినదాంట్లోంచి ప్రోటీన్. ఫీనాల్ ఉండదు కాబట్టి ఫ్యూమ్ హుడ్ (ఘాటు ఆవిర్లను బయటికి లాగే పెట్టె) లేని ల్యాబుకు ఇదే మేలు. కిట్ బఫర్‌లో గ్వానిడిన్ అనే రసాయనం ఉంటుంది, బ్లీచింగ్ ద్రవం మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి. ధర ఎక్కువ, కణాలు మితిమీరితే కాలమ్ మూసుకుపోతుంది. మామూలు కాలమ్‌లలో మైక్రో ఆర్ఎన్ఏ లాంటి చిన్నవి జారిపోతాయి.

ప్రోటీన్ రెండింట్లోనూ రూపం చెడే వస్తుంది. ఫలానా ప్రోటీన్ ఉందో లేదో చూసే వెస్టర్న్ బ్లాట్ పరీక్షకు సరిపోతుంది, ఎంజైమ్ పనితీరు చూడటానికి పనికిరాదు. ట్రైజాల్ ప్రోటీన్ ముద్ద కరగడానికి మొండికేస్తుంది కూడా.

ఈసారి మేం కిట్టే తెప్పించాం. మైక్రో ఆర్ఎన్ఏ కావలసిన ఇద్దరికి మాత్రం ట్రైజాల్ ఇచ్చి, పై పొర 500 మైక్రోలీటర్లు కనిపించినా 400 దగ్గర పిపెట్ ఆపమని చెప్పాను.