‘పెట్ ఫ్రెండ్లీ’ అంటే గేటు దాకానేనా?

చెన్నై దాటి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం వైపు వెళ్తుంటే దారి పొడవునా ‘పెట్ ఫ్రెండ్లీ’ బోర్డులే. ఫోన్లో ‘తెచ్చుకోండి సార్’ అన్న ఒక బసలో, గేటు దగ్గర లెక్క మారిపోయింది. గది 4,200 కాక కుక్కకు రాత్రికి 1,500, డిపాజిట్ 3,000. అంతా కట్టాక తేలిందేమంటే, కుక్క గదిలోకి రాకూడదు, జనరేటర్ షెడ్డు పక్కన కట్టేయాలి. ఆ మోతలో అది పడుకోదు, అది ఏడుస్తుంటే మనం పడుకోం. తెల్లారి ఇంట్లోవాళ్ల మొహాలు చూడాలి!

అడ్వాన్సు పంపే ముందే వాట్సాప్‌లో రాయించుకోండి: కుక్క గదిలోనే పడుకోవచ్చా, రుసుము రాత్రికా మొత్తానికా, డిపాజిట్ ఏ సాకుతో కోస్తారు, ఆవరణలో వాళ్ల కుక్కలు వదిలేసి ఉంటాయా, పచ్చికకు పురుగుమందు ఎప్పుడు కొట్టారు. ‘వచ్చాక చూద్దాం సార్’ అన్నారంటే ఇంకో బస చూసుకోవడమే. గదిలో దిగగానే పరుపు, తలుపుల ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇక నడక. ఇక్కడ సముద్రం తూర్పున, కాబట్టి పొద్దు పొడవగానే ఎండ మొహాన కొడుతుంది. 5.30కి బయల్దేరి 7.30కల్లా వెనక్కి రావాలి. చేతి వెనకభాగం ఇసుక మీద 7 సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి. పగ్ లాంటి చప్పిముక్కు జాతులకైతే ఆ రెండు గంటలూ ఎక్కువే. లాగితే సాగే చుట్టు పట్టీ వద్దు, ఇసుక దూరి బిగుసుకుపోతుంది. మామూలు ఆరడుగుల పట్టీ, ఛాతీకి వేసే హార్నెస్ చాలు. 20 కిలోల కుక్కకు లీటరున్నర మంచినీళ్లు మోసుకెళ్లి పావుగంటకోసారి పట్టండి. దాహానికి ఉప్పునీళ్లు తాగిందంటే వాంతులు, విరేచనాలు తప్పవు.

ఇదే దారిలోని కోవళంలో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ) గుర్తింపున్న భాగంలోకి కుక్కతో వెళ్లాలనుకోకండి, ఆ గుర్తింపు నిబంధనల్లోనే పెంపుడు జంతువులపై కట్టడి ఉంది. దాన్ని దాటి జాలర్ల పల్లెల పక్కన నడిస్తే అసలు ప్రమాదం అక్కడుంటుంది. వల దులిపినప్పుడు పనికిరాని చేపలు ఇసుకలోనే పడేస్తారు. వాటిలో బంతిలా ఉబ్బే చేప ఉంటుంది. దాని కాలేయం, గుడ్లు, చర్మంలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఎండినా పోదు, దీనికి విరుగుడు మందు లేదు. కుక్క నమిలితే కాసేపటికే చొంగ, వాంతి, కాళ్లు తడబడటం, ఆపై ఊపిరి కండరాలు పడిపోవడం. అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడొద్దు, నేరుగా పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. నేల నాకే అలవాటున్న కుక్కకు నీళ్లు తాగడానికి వీలయ్యే బుట్ట మూతి తొడుగు వేసి తీరాలి. తెగిన వల దారాలు, గేలాలు కూడా అక్కడే ఉంటాయి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. వాసన పట్టి తవ్వేది మొదట కుక్కలే, ఆ నెలల్లో పట్టీ అస్సలు విప్పొద్దు.

మహాబలిపురంలోని షోర్ టెంపుల్‌లోకి కుక్కను రానివ్వరు. టికెట్ మనిషికి 40 రూపాయలు, ఒకరు లోపల ఒకరు బయట. వంతులేసుకుని చూసొచ్చేసరికి ఇద్దరికీ చిరాకే. కారులో వదిలేసే ఆలోచన మాత్రం ఐదు నిమిషాలకైనా రానివ్వొద్దు.

తీరం వదిలి లోపలికెళ్తే చెరువు గట్లమీద నడక హాయి, వేడంతాంగల్ తప్ప. అది పక్షుల అభయారణ్యం, అక్కడ కుక్కకు చోటు లేదు. గట్టు నడకకు గోమార్లే శత్రువులు. తిరిగి రాగానే చెవుల మడతల్లో, వేళ్ల సందుల్లో, చంకల్లో వెతికి పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగండి. గోమార్ల కాటుతో జబ్బులు సోకుతాయి, రెండు మూడు వారాల్లోపు జ్వరమో ముక్కులోంచి రక్తమో కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి. అక్టోబరు వానలకు ముందే లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో సోకే జబ్బు) టీకా పూర్తిచేయించండి, మొదటిసారైతే రెండు డోసులు, మధ్య రెండు నుంచి నాలుగు వారాలు.

బస అడిగేటప్పుడు బయట కొళాయి ఉందా అనీ అడగండి. ఉప్పు, ఇసుక కడగకుండా గదిలోకి తెస్తే పాదాలకు దురద, మనకు పరుపు ఉతికిన బిల్లు.